చక్కెర నీళ్లు

నూట పదమూడో మెట్టు దగ్గర
మూడేళ్ల కిందట నా కాలు మడత పడింది.
వాన కూడా లేదు, ఎవరి మీదా నెపం పెట్టలేను.
భుజాన ఉత్తరాల సంచి, చేతిలో కరెంటు బిల్లులు,
పైమెట్టు మీద సెన్యోరా ఓర్తూసర్ గారి కుంటికుక్క
నన్ను చూసి తోక ఊపుతోంది.
కలుక్కుమంది. అంతే.

వల్పరాయీసోలో ఇంటికి దారి అంటే మెట్లే.
సముద్రం కింద ఉంటుంది, జనం పైన ఉంటారు,
మధ్యలో మా పోస్టాఫీసు వాళ్ల మోకాళ్లు ఉంటాయి.
కొండ మీదికి పట్టాల మీద పాకే డబ్బా బండి ఒకటుంది,
నెలలో సగం రోజులు మరమ్మతులోనే.
నా చీలమండ కూడా దాని దారే పట్టింది.

మొదట ఐసు ముక్కలు, తర్వాత పట్టీ,
ఆ తర్వాత మా అత్త ఇచ్చిన చేపనూనె లేపనం.
దానికి పిల్లులు నా వెంట పడ్డాయి,
నొప్పి మాత్రం వెనక్కి తగ్గలేదు.
వాపు పోయింది, కమిలిన నలుపు పోయింది,
"తగ్గిపోయిందిగా" అన్నారు అందరూ.
ఎక్కేటప్పుడు తగ్గినట్టే ఉండేది.
దిగేటప్పుడే,
అరిగిన బందు మీద ఎవరో
తలుపు తీసి వేస్తున్నట్టు.

మొదటి డాక్టరు స్టెరాయిడ్ ఇచ్చాడు.
నొప్పి నోరు మూసుకుంది, పదకొండు వారాలు.
పన్నెండో వారం తెరిచింది,
ఊరుకున్నన్నాళ్ల మాటలూ వడ్డీతో సహా.

రెండో ఆవిడ పేరు నేలిదా కురిలాఫ్.
చిన్న గది, కిటికీ నిండా రేవు క్రేన్లు.
నా పాదం ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ వంచి
"లిగమెంటు తెగలేదు, సాగింది" అంది,
"పాత లంగా ఎలాస్టిక్ లాగా.
నీ ఒళ్లు బాగుచేయడం మొదలుపెట్టి
సగంలో వదిలేసి వెళ్లిపోయింది.
మేస్త్రీని మళ్లీ పిలవాలి."
దేనితో పిలుస్తారన్నాను.
"చక్కెర నీళ్లతో."
నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
"అందరికీ పనిచేయదు" అంది దూదితో తుడుస్తూ,
"పనిచేసినా తొందరపడదు."

మా అమ్మ పాదాన్ని
వేలు వేలుగా తీసుకుపోయింది ఆ చక్కెరే.
ఆ మాట ఆవిడతో అనలేదు.
గోడ వైపు తిరిగాను.

ఎముక అంచున, లిగమెంటు అతుక్కునే చోట,
ఒకటి, రెండు, ఐదు పోట్లు.
తీపి అనుకుంటారా? నిప్పు.
ఆ రాత్రి చీలమండ కొత్త బెణుకులా వాచింది,
మూడేళ్ల కిందటి సాయంత్రం వచ్చి
మంచం చివర కూర్చుంది.
వాపు తగ్గించే మాత్ర వేసుకోవద్దంది ఆవిడ,
మంట ఆరితే మేస్త్రీ రాడట.
కిటికీ తెరిచి ఓడల కూతలు లెక్కపెట్టాను.

నెలకోసారి, నాలుగుసార్లు.
ఈలోగా నన్ను కూర్చోబెట్టి ఉత్తరాలు వేరుచేయమన్నారు.
చిరునామా చూస్తే మెట్లు గుర్తొచ్చేవి,
ఇంట్లో మనుషులు కాదు.
ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవాలి, అదీ వ్యాయామం.
మొదట ఆరు అంకెలు, పోను పోను నలభై.
మా ఆయన నన్ను కొంగా అని పిలవడం మొదలుపెట్టాడు,
ఇంకా మానలేదు.

తగ్గిందా అంటే,
పూర్తిగా అని చెప్పను. చలిగాలి ఉదయాల్లో
ఇంకా గొణుగుతుంది.
సూదా, ఒంటికాలి జపమా, వట్టి కాలమా,
ఏది పనిచేసిందో డాక్టరుకీ తెలీదు,
తెలీదని చెప్పింది కూడా.

నిన్న సంచి భుజాన వేసుకుని ఎక్కాను.
నూట పదమూడో మెట్టు అంచు విరిగే ఉంది.
కుక్క లేదు. పోయిన చలికాలంలో చచ్చిపోయిందట.
సెన్యోరా ఓర్తూసర్‌కి కరెంటు బిల్లు ఇచ్చి
గ్లాసుడు నీళ్లడిగాను.
"పంచదార కలపనా, మొహం పాలిపోయింది" అంది.
వద్దు వద్దన్నాను.

దిగేటప్పుడు, అలవాటు చొప్పున,
మెట్లు వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాను.
ఎనభై దాకా గుర్తుంది.
ఆ తర్వాత ఎవరింట్లోనో
ఉల్లిపాయలు వేగుతున్న వాసన.