ఆరు మిల్లీమీటర్లు

నా పని నిలబడుడు.
ఎర్ర తెల్ల గీతల కర్ర పట్టుకొని
రోడెల్ సారు చెయ్యి ఊపిన కాడ,
బుడగ నడిమిట్లకు వచ్చేదాక
ఊపిరి బిగబట్టి నిలబడుడు.
హిద్ద్ అవతల, నిరుడు రొయ్యల వలలు తేలిన చోట
ఈయేడు నా బూట్లున్నయి.

రాత్రి, సల్మాబాద్ క్యాంపుల, నా పై మంచం వినీల్
(మెట్‌పల్లి పోరడు, షట్టరింగు పని)
ఫోన్ల ఎడారి తెరుస్తడు.
కింద నుంచి మెడ ఎత్తి చూస్త.
ఆ ఎడారి ఈ కొస నుంచి ఆ కొసకు
ఉరికితే పన్నెండు నిమిషాలు.
మా బస్సుకు సైటు యాభై, సిగ్నళ్లన్నీ పచ్చగుంటే.

ఏ ఇంటికీ తాళం లేదు.
అల్మారీల తుపాకులు, కట్టు గుడ్డలు,
ఎవలదో మోటర్‌సైకిల్, చెవితో సహా.
పదిహేను ఇండ్లు తిరిగినం,
ఒక్క ఇంట్ల పొయ్యి లేదు.
పొద్దు, తుమ్మకొమ్మకు ఇరికిన పతంగి లెక్క
ఉన్నకాడనే ఉన్నది. నీడ జరుగది.
గా దేశంల పన్నెండు నుంచి నాలుగు దాక
పని బందు పెట్టుమని ఎవలడుగుతరు?

హద్దుకు పోతే కనపడని గోడ.
మనిషి ఆగడు, ఉన్నకాడనే ఉరుకుతనే ఉంటడు.
"గిదొక్కటి సరిగ్గ గీసిండ్రు," అన్నడు
లింబాద్రి మామ,
ఇరవై రెండో ఏడు వీసా కాగితం మడుస్తూ.

"గుట్ట తప్పు," అన్న నేను.
"ఎట్ల?"
"వాన దిగిన గీర లేదు. కింద గుండ్లు దొర్లలేదు.
నీళ్లు ఎటు పోవాలె?"
వరద కాలువ సర్వేల మా నాయిన గొలుసు గుంజినోడు.
మనుషులకు చెప్పితె చెప్పు గని
నీళ్లకు అబద్ధం చెప్పకు, అనేటోడు.

పోరడు పక్కుమన్నడు, మంచం కిర్రుమన్నది.
"అన్నా, నువ్వు దినాం నిలబడేదే అబద్ధం గద.
అది మొన్నటిదాక సముద్రం."

జవాబు రాలే.
నిజమే. మనిషి పట్టేంత లావు పైపు
రాత్రి పగలు ఉప్పిసుక కక్కుతది.
ఆఫీసుల ఇంజినీరు రెండు వేళ్లతోటి
దీవిని తిప్పుతడు, అచ్చం వినీల్ లెక్క.
అందుల చెట్లన్నీ ఒకటే గుండ్రం,
మనుషులందరు ఒకటే బూడిద రంగు,
ఎవలకూ చెప్పులు లేవు.
ఆ జాగకు పేరు ఇంకా పెట్టలే,
ధర పెట్టిండ్రు.

శుక్కురారం. కూర మీద మూత పెట్టి వినీల్ అన్నడు:
ఈ ఆటల సొంత పటం చేసుకోవచ్చునట,
మన గది చేస్త, కొలతలు చెప్పు.
నవ్వులాట అనుకున్న. కర్ర సైట్ల ఉండె,
జానలతోటి కొలిచిన.
మంచానికీ మంచానికీ నడుమ మూడు జానలు.
కూలరు నుంచి తలుపుకు పద్నాలుగు.
మామ పెట్టె, కిటికి మూసేటంత ఎత్తు.
వాడు అన్నీ పెట్టిండు, మొదలు పొయ్యి.
బయట ఒక గుట్ట గూడ, ఇక్కడ లేనిది.
దానికి వాలు నేనే చెప్పిన,
వాన పడితే నీళ్లు మా గడప తొక్కకుండ.
ఆ ఆటల వాన లేదట.

శనివారం పొద్దుగాల
పాత మేకు మీద మళ్ల కర్ర పెట్టిన.
రోడెల్ సారు చూసిండు. కండ్లద్దాలు తుడుచుకున్నడు.
మళ్ల చూసిండు.
పోయిన నెల కన్న ఆరు మిల్లీమీటర్లు దిగింది.
"నువ్వు కదిలినవా?"
లేదు సార్.
బుడగ నడిమిట్లనే ఉన్నది.
నేను కదలలే.