గ్యాప్ అఫిడవిట్

చిత్తూరు కోర్టు ఎదురుగా రేకుల కింద
నోటరీ గుమస్తా టైపు కొడతా ఉండాడు:
"సదరు నాలుగు సంవత్సరములు నేనెక్కడా చదవలేదు,
ఏ నేరమందును పాల్గొనలేదు."

నిజమే.
గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలు కోసినాను.
ఫెయిలైన మార్కుల లిస్టును
బియ్యం డబ్బా అడుక్కి తోసినాను.
కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ మీద
పదకొండుమంది ఆడోళ్ళం అర్జీ పెట్టినాం.
రాసింది నేను.
అది మాత్రం ఈ కాగితంలో లేదు.

"లా చదువుతావా?" కళ్ళజోడు పైనుంచి చూసినాడు.
"ముందు ఎస్వీయూలో ఆగిపోయిన డిగ్రీ ముగించాల సార్."

స్టాంపు నా పేరు మీద
కొంచెం వంకరగా పడింది.

తిరుపతి బస్సులో
సొన మచ్చల వేళ్ళతో
కాగితాన్ని కిటికీగాలికి పట్టుకున్నాను.
పూతలపట్టు దాటినా
ఆ సిరా ఆరలేదు.