మెట్లు నావి, తాళంచెవి నీది

నాలుగు రాతికాళ్ల మీద నిలబడ్డ గాదె మనది,
ప్రతి కాలి నెత్తినా ఒక బల్లపరుపు రాయి.
ఎలుక అక్కడిదాకా ఎక్కి, పైకి దారి దొరక్క
తిట్టుకుంటూ దిగిపోవాలి.
అస్తూరియాస్ కొండల్లో ఏ పసివాణ్ణి అడిగినా చెబుతాడు.
ఎలుకకి అడ్డం రాయి పెట్టినవాళ్లు
వాటాలకి అడ్డం ఏమీ పెట్టలేదు.

నాన్న పోయిన నెలకే నోటరీ గీత గీశాడు:
తూర్పు సగం ఎతెల్వీనాకి, పడమటి సగం బల్బీనాకి.
తలుపు తూర్పున ఉంది గనక తాళంచెవి నీది.
మెట్లు నా దొడ్లో ఉన్నాయి గనక మెట్లు నావి.
మెట్లకీ గాదెకీ మధ్య మూరెడు ఖాళీ,
ఎలుక దూకలేనంత.
మనమూ దూకలేదు, పదకొండేళ్లు.

వారానికోసారి నీ కొడుకు సెలీనో వచ్చి తలుపు తీసేవాడు,
నేను దిగాక వేసేవాడు.
నేను చర్చికి వెళ్లే వేళ చూసుకుని
నువ్వు నా మెట్లెక్కేదానివి.
నాకు తెలుసక్కా.
బురదలో నీ చెక్కజోళ్ల గుర్తులు, మూడేసి గుంటలు.

ఎస్కాంద గోధుమకి కొడవలి పనికిరాదు.
రెండు కర్రలు, కొసన తోలుతాడు;
కాడల్ని మధ్యన ఇరికించి పైకి లాగితే
వెన్ను ఒక్కటే విరిగి బుట్టలో పడుతుంది.
ఇద్దరు చేసే పని.
నేను పక్కూరి రెమిహియోని కూలికి పిలిచాను.
మంచివాడే. మాట్లాడడు.

వెన్నుల ముళ్లని మంటమీద చురుక్కుమనిపించి
గింజని పొట్టుతోనే పెట్టెకెత్తుతాను,
చలికి కోటు గుండీలు విప్పని ముసలమ్మలా ఉంటుందది.
పురుగు పన్ను ఆనదు.
చెమ్మ చూడాల్సింది చేత్తో కాదు, చెవితో:
గుప్పెడు తీసి ఆడిస్తే గలగలమనాలి,
మెత్తగా పలికితే మళ్లీ ఎండకి.

నీకు ఓపిక లేదు.
పంటంతా ఒకేసారి దంపించి, విసిరించి
ప్లాస్టిక్ సంచుల్లో కుట్టించావు.
పిండయ్యాక గోధుమకి ఆయుష్షు వారాల్లో లెక్క.
మార్చికల్లా మీ ఇంటి రొట్టె చేదెక్కిందని
సెలీనో నోటే విన్నాను.
నవ్వాను.
దేవుడు విన్నట్టున్నాడు.

ఏప్రిల్లో తుంటి విరిగి ఒవియెదో ఆసుపత్రిలో ఆరు వారాలు.
తిరిగొచ్చి చూస్తే
అమ్మ చేతినుంచి వచ్చిన పులిసిన ముద్ద
మట్టికుండలో గులాబీరంగు బూజై కూర్చుంది.
పెట్టెనిండా గింజ,
పొంగించేదే లేదు.

ఎవరు చెప్పారో నీకు.
మర్నాడు మూడో మెట్టు మీద తడిగుడ్డ కప్పిన గిన్నె.
గుడ్డ నీ పాత ఏప్రన్ ముక్క.
లోపల బుడగలు మెల్లగా చిట్లుతూ
అదే వాసన: పుల్లటి ఆపిల్, తడి ఉన్ని.
పక్కన తాళంచెవి.

రెండు కుంచాలు దంపించాను, సరిపడా విసిరించాను.
ఈ పిండిని పిసికితే అలుగుతుంది;
తడిచేత్తో నాలుగు మడతలు, గంట విశ్రాంతి,
మళ్లీ నాలుగు.
విసరగా మిగిలిన గింజలు రాత్రంతా నానేసి
పొగబెట్టిన పందెముకతో సన్నసెగ మీద పెట్టాను.
ఎంత ఉడికినా నలగవవి,
పంటికింద చిన్నగా ఎదురుతిరుగుతాయి.

రొట్టె చల్లారకముందే గుమ్మంలో నువ్వు.
కూర్చోమనలేదు. కూర్చున్నావు.
ముక్క విరిచి, నమిలి, చాలాసేపు నమిలి,
"ఉప్పు తక్కువ."
"అమ్మ ఇంతే వేసేది."
"వేసేది కాదు."
"నువ్వు పొయ్యి దగ్గరికి వచ్చిందెప్పుడు, తెలియడానికి?"

దీపాలు పెట్టేదాకా పోట్లాడుకున్నాం.
నీ కంచంలో రెండోసారి వడ్డించింది నేనో, నువ్వో
గుర్తులేదు.

వెళ్తూ వెళ్తూ బుట్టలోంచి గుప్పెడు పొట్టుగింజ తీసి
చెవి దగ్గర ఆడించి చూశావు.
ఏమీ అనలేదు.

తాళంచెవి బల్లమీదే ఉంది.
మర్చిపోయావో ఏమో.
అడగను.