ఆరు నలభై రెండు

ఎప్పటిదాంక మంచిగున్నది?
చిన్న డాక్టరమ్మ మూడుసార్లు అడిగింది.
గంట చెప్పుమంటది.
మా అత్తకు గంటలు తెల్వయి.
బర్లు పిండినంక, అన్నది.
ఎండ అరుగు మీదికి రాకముందు, అన్నది.

స్ట్రెచ్చర్ మీద నా యారాలు శివలీల.
ఏడో నెల. మూతి ఎడమకు గుంజింది.
కుడిచెయ్యి
ఎవరిదో తెచ్చి పక్కన పెట్టినట్టున్నది.
గుండెల ఇనుప కవాటం మాత్రం
టిక్కు టిక్కు.
కొత్తల గోడ అవతల నుంచి ఇనబడితే
గడియారం అనుకున్న.

నెల తప్పినంక మాత్రలు బందు పెట్టిన్రు, బిడ్డకు పడయని.
బదులు రెండుపూటల సూదులు బొడ్డు చుట్టూ.
పొడిచేది నేనే.
డబ్బా ఒడిసింది. మరికల్‌ల దొరకలే.
రేపు చూద్దాం అన్న నోరు నాదే.
రెండు దినాలు, నాలుగు సూదులు.
ఎవ్వరు అడగకముందే చెప్పిన.
"అయితే గడ్డ కరిగే మందు ఇయ్యొచ్చు," అని
డాక్టరమ్మ మొకం ఎలిగింది,
నన్ను చూసి మళ్ల ఆరింది.

అప్పుడు యాదికొచ్చింది బస్సు.
పొద్దుగాల నారాయణపేట బస్సు ఆపి
మందుల చీటీ, పైసలు కండక్టర్ నసీమా చేతిల పెట్టి
"చిల్లర మర్వకక్కా" అని నవ్వింది.
సాఫ్ మాట. సాఫ్ నవ్వు.
ఫోన్ చేసిన.
మిషన్ల చూసి చెప్పింది నసీమా:
"మీ స్టేజి కాడ ఒక్కటే టికెట్ కొట్టిన, ముసలాయనకు.
ఆరు నలభై రెండు."

పాలమూరు దవాఖాన గోడ మీద తొమ్మిది దాటింది.
డాక్టరమ్మ ఏళ్లు మడిచి లెక్కపెట్టింది.
ఇస్తే మాయ కాడ నెత్తురు పారొచ్చు.
ఇయ్యకుంటే మాట పోతది, చెయ్యి పోతది,
మనిషే పోవచ్చు.
"ముందుగాల తల్లి," అన్నది.
అత్త ఏలిముద్ర ఏసింది. సిరా నా కొంగుకు తుడిసింది.

మందు ఎక్కుతుండంగనే అంబులెన్సు.
జడ్చర్ల, షాద్‌నగర్, ఎన్ని లారీలో.
పట్నంల కడుపు మీద సీసం గుడ్డ కప్పి
తొడ నుంచి తలకాయ దాంక తీగ తోలిన్రట.
జొన్నగింజంత గడ్డ. సీసాల ఏసి చూపిచ్చిన్రు.
గింత దానికా, అన్నది అత్త.

నాలుగోనాడు పుణె నుంచి కురుమయ్య వచ్చిండు,
సెంట్రింగు సిమెంటు గోర్లల్ల అట్లనే ఉన్నది.
కడుపు మీద మిషన్ పెడితే
గుర్రం ఉరికినట్టు ఒక చప్పుడు,
గదిల ఇంకోటి, టిక్కు టిక్కు.
శివలీల పెదవులు కదిలినయి.
పేరు పిలుస్తదని కురుమయ్య ఒంగిండు.

"చి... ల్లర," అన్నది.

నూట నలభై రూపాయలు, సూదుల డబ్బా
నసీమా స్టేజి కాడి చాయ్ హోటల్ల ఇచ్చి పోయిందట.
నేనింకా పోయి తెచ్చుకోలే.