విస్తరి వేయకముందే

డండీలో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
ఆస్పత్రి అడుగున, కిటికీ లేని గది.
తెర మీద మాత్రం కిటికీలే కిటికీలు:
ఒకటి తెరుచుకుంటుంది, తన కణాలు లెక్క చెప్పి మూసుకుంటుంది,
వెంటనే ఇంకొకటి.

పద్నాలుగు వందల నలభై బొమ్మలు.
నేను రాసిన స్క్రిప్టు, ముప్ఫై ఏడు వరుసలు,
రాత్రంతా నడిచి పొద్దుటికి పట్టిక చేతిలో పెట్టింది.
ఒక్క ఎర్ర అక్షరం లేదు.
మధ్యలో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది.

ముందు చూసింది మోరగ్.
ముప్ఫయ్యేళ్ళుగా గాజు పలకలకి రంగులద్దిన మనిషి,
కంప్యూటరంటే గిట్టదు.
వేలితో తెర మీద మరక చేస్తూ అడిగింది:
"నలభై ఆరు, నలభై ఏడు.
రెండిట్లోనూ పదమూడు వందల పద్దెనిమిది.
కవలలా?"

ఇద్దరు వేరే మనుషుల కాలేయం ముక్కలు.

వరుసకో అడుగు వేయిస్తూ నడిపించి చూశాను.
తప్పు లేదు. నలభై ఏడు తన అంకె తాను చెప్పింది:
తొమ్మిది వందల రెండు.
పగ్గం వదిలితే మళ్ళీ కవలలు.
ఎక్కడున్నావో చెప్పమని మధ్యలో ఒక మాట అచ్చు వేయించాను,
బాగుపడింది.
ఆ మాట తీశాను, చెడింది.
నేను చూస్తున్నంతసేపూ ఎంత బుద్ధిమంతురాలో!

మధ్యాహ్నం, చల్లారిన టీ ముందు, అర్థమైంది.

పంక్తి భోజనంలో కొత్తగా వడ్డనకు దిగిన కుర్రాడు అది.
విస్తరి పడిందో లేదో చూడడు,
గరిటె వంచేస్తాడు.
అన్నం నేలపాలైతే పదిమందీ కేకలేద్దురు.
నేలపాలు కాదు,
పక్కవాడి ఆకులోనే రెండోసారి పడుతుంది.
నేల శుభ్రం. ఎవరూ అరవరు.
నలభై ఏడో మనిషి, ఆకు లేకుండా,
భోంచేసినవాళ్ళ లెక్కలోకి ఎక్కిపోయాడు.

ముందు అరసెకను ఆగమన్నాను.
పద్నాలుగు వందల నలభై అరసెకన్లు,
పన్నెండు నిమిషాలు ఊరికే నిలబడటం.
పోనీలే, ఆలస్యం ఒక్కోసారి అమృతమే అనుకున్నాను.
నా బల్ల మీద నడిచింది.
మోరగ్ గదిలో పాత మిషను మీద
ఈసారి ముగ్గురు.
రెండు సెకన్లన్నాను. మూడన్నాను.
ఎన్నన్నా అది నా అంచనాయే,
ఎక్కడో సర్వరు లోంచి ఈడ్చుకొస్తున్న బొమ్మ బరువు
గడియారానికేం తెలుసు?

చివరికి ఆగమనడం తీసేసి
అడగమనడం పెట్టాను.
పేరు పెట్టి కాదు, ఒకే పేరున ఇద్దరుంటారు.
నంబరు పెట్టి.
వచ్చావా?
లేదు.
వచ్చావా?
లేదు.
వచ్చావా?
ఊఁ.
పది సెకన్లు అడిగినా పలక్కపోతే
గొంతు చించుకుని అరు, అక్కడే ఆగిపో,
అంతేగాని మెదలకుండా పక్కింటి లెక్క రాయకు.

సాయంత్రానికి పదకొండు వరుసలు మారాయి.

పాత పట్టిక పోయిన గురువారమే
డాక్టర్ ప్రింగిల్ గారికి పంపేశాను.
చక్కగా ఉందని జవాబు కూడా వచ్చింది.

మోరగ్ కోటు తొడుక్కుంది.
"బస్టాపులో బోర్డు వచ్చేసింది అంటుంది,
రోడ్డు మీద చూస్తే వాన తప్ప ఏముండదు"
అని గొణుక్కుంటూ లిఫ్టు మీట నొక్కింది,
మళ్ళీ నొక్కింది.

నేను ఉత్తరం మొదలుపెట్టాను.
నమస్కారం, క్షమాపణ, ఫైలు పేరు.
తరవాత, నలభై ఏడో మనిషి, అని రాసి
ఆగాను.
ఎన్ని సెకన్లో లెక్కపెట్టలేదు.