తూకానికి పనికిరాని ఆకు

ఆత్మకూరు బస్టాండు దగ్గర, పొద్దున్నే
డివైడర్ మీది ఆకులు కోస్తున్నాను,
చెట్టుకో కవరు.

గన్నేరుకి ఏమీ పట్టినట్టు లేదు.
కానుగ మీద వేలితో పేరు రాయొచ్చు,
ఐనా చిగురేసింది.
నందివర్ధనం అంచుల్నించి మాడుతోంది,
పూయడం మాత్రం మానలేదు, పిచ్చిది.

ల్యాబులో కడిగి,
కడిగిన నీళ్లు ఇగిరించి
అడుగున మిగిలిన దుమ్ము తూచాలి.
ఏది ఎంత ఓర్చుకుంటుందో పట్టిక గీయాలి.

చీపురాపి పెంచలమ్మ అంది:
"ఏంది పాపా, ఇంత మురికాకులా కాలేజీకి?"
నేను చెప్పేలోగా
ముక్కుకి కట్టుకున్న గుడ్డ విప్పి
కానుగాకు రెండువైపులా తుడిచి
దగ్గుకుంటూ నా చేతిలో పెట్టింది.
ఎంత పచ్చనో!

ఇక అది తూకానికి పనికిరాదు.

నల్లటి ఆకు ముద్ర పడ్డ ఆ గుడ్డనే
ఆమె మళ్లీ ముక్కుకి కట్టుకుంది.