ఎడమ చెప్పు

పొద్దుగాల అయిదున్నరకు యూనివర్సిటీ గ్రౌండ్‌ల
నా ఎడమ చెప్పు ఇడిసి నేల మీద పెడ్త.
నౌషీన్ పరుగు అక్కడి నుంచి మొదలు.
సున్నం గీత మంచుకు చెరిగిపోతది,
ఇటుక పెడితే తెల్లారేసరికి ఎవరో ఎత్తుకపోతరు,
ఈ అరిగిన చెప్పును మాత్రం కుక్క కూడ ముట్టది.

పదమూడు అడుగులు.
ఎనిమిది నిటారుగ, అయిదు పక్కవాటుగ.
తొమ్మిదోదానికి చెయ్యి వెనక్కి పోవాలె,
మొన కన్నుకొస దగ్గరనే ఉండాలె.
చెప్తే ఎవరికి ఎక్కుతది?
దేవ్‌సింగ్ చెయ్యి సాపంగనే నడుము ఇరుస్తడు,
సోంబాయి మొన పైకి లేపుతది,
గద్దను కొట్టబోయినట్టు.

అప్పుడు బస్సు సంగతి తీసిన.
హబ్సిగూడ మూల మీద బస్సు ఆగకముందే దిగుతరు గద,
కాళ్లు ముందుకు ఉరుకుతుంటయి
చెయ్యి మాత్రం వెనక రాడ్డు మీదనే ఉంటది.
గంతే. ఆ చెయ్యిని గట్లనే మర్చిపోండ్రి.
ఇద్దరికి ఆ పూటనే వచ్చింది.
సోంబాయికి నెల పట్టింది,
వాళ్ల గూడేనికి బస్సు లేదు.

నా మోచేతి మీద జానెడు కుట్టు.
మా సారుకు ఒక్కటే మాట తెలుసు: జోర్ సే.
చెయ్యితో ఇసిరిన. వట్టి చెయ్యితోనే ఇసిరిన.
ఒకనాడు లోపల తడిగుడ్డ చింపినట్టు చప్పుడు.
ఆ తర్వాత ఇరవై రెండేండ్లు
గల్లీ గల్లీ తిరిగి నీళ్ల మీటర్లు రాసిన ఆ చెయ్యితోనే.
మిగిలిన రీడింగ్ పుస్తకాలల్ల
ఇప్పుడు వీళ్ల అడుగులు రాస్తున్న.

అందుకే పొద్దుకు పదిసార్లు చెప్త, చెయ్యి ఆఖరుకు.
మడిమె తిరగాలె, తుంటి తిరగాలె, రొమ్ము తెరుచుకోవాలె,
మోచెయ్యి చెవిని దాటాలె,
వేళ్లకు పని పడేది అప్పుడు.
ఎడమ కాలు గుంజ లెక్క దిగాలె, వంగొద్దు.
ఆటో సడన్ బ్రేక్ కొడ్తే ఎనక కూసున్న మనిషి ఏమైతడు?
"ముందుకు పడ్తడు" అన్నది నౌషీన్.
"అబ్బా మాత్రం అట్ల కొట్టడు సార్.
పద్దెనిమిదేండ్లల్ల ఒక్క సవారీకి నొసలు తగల్లే."

పదో అడుగు కాడ ఈ పిల్ల ఎందుకు నిదానమైతదో
అప్పటిదాక నాకు సమజ్ కాలే.
ఇంట్ల నేర్చిన మర్యాద అది,
ఏమని తప్పు పట్టాలె?
"ఈటె సవారీ కాదు బేటా" అన్న,
అని, నా మాట నాకే కొంచెం మొరటుగ ఇనిపించింది.

రెండు నెలలు వీపు తిప్పి నిలబడ్డ.
కండ్లు మోసం చేస్తయి, చెవులు చెయ్యవు.
జామై ఉస్మానియాల రైలు పోయినంక,
వాకింగ్ పెద్దమనుషులను అరిచి పక్కకు జరిపినంక,
ఆమె అడుగులు ఇంట.
చివరి రెండు అడుగులు ఒకదాన్నొకటి తరుముకుంట రావాలె,
తట్ అనేలోపు టప్ అనాలె.
నౌషీన్‌వి రోజూ
తట్.
టప్.
నడుమ సిగ్నల్ పడ్డట్టు.

మొన్న గురువారం కూడ వీపు తిప్పే ఉన్న.
పది, పదకొండు, తగ్గలే.
తట్టప్.
మెడ మీది వెంట్రుకలు లేచినయి, అయినా తిరగలే,
పడే చప్పుడు కోసం చూసిన.
అది రావల్సిన యాళ్లకు రాలే.
దేవ్‌సింగ్ నోట్లె అటుకులు నమలుడు ఆపిండు.
అప్పుడు, దూరంగ, గడ్డిల కసుక్కున.

"ఫౌల్ సార్" అన్నది వెనక నుంచి.
తిరిగి చూస్తే గీతకు అవతల నాలుగు వేళ్లంత బూటు,
మోకాళ్లు రెండూ దుమ్ము,
టేపు పట్టుకుని సోంబాయి అప్పటికే ఉరుకుతున్నది.
లెక్కకు రాదని తెలిసి కూడ.

నేను ఏదో అనబోయిన.
ఈలోపు నౌషీన్ పోయి నా చెప్పు తీసుకొని
తన పాదంతోనే కొలుచుకుంట
రెండడుగులు ఎనకకు జరిపింది,
నన్ను అడగలే.
ఆడికి రన్‌వే అయిపోయి ఎర్రమట్టి మొదలైతది.

మళ్లొకసారి, అన్న.
ఒంటి చెప్పుతో నిలబడి, వీపు తిప్పి.
ఎడమ పాదం కింద నేల సల్లగున్నది.